కువైట్ బొమ్మ కాడ

స్వరూప ఫోన్ చేసినప్పుడు నేను కరీంనగర్‌లో మా మేడ మీద మిరపకాయలు ఆరబోస్తున్నాను. "అక్కా, బొమ్మను తీస్తున్నరట. రోడ్డు పెద్దగ జేస్తున్నరు. బేస్తారం నాడు మిషన్ వస్తదట. జర రా అక్కా," అంది. ఏ బొమ్మ అని అడిగే పని లేదు. నస్పూర్‌లో మా కాలనీ మలుపు దగ్గర, రైల్వే గేటుకూ నీళ్ల ట్యాంకుకూ నడుమ, ముప్పై ఏళ్లకు పైగా నిలబడి ఉన్న సిమెంటు మనిషి. తల మీద టోపీ, చేతిలో పైపులు బిగించే పెద్ద పానా, కాళ్ల వెనక ఎర్రరంగు పూసిన సిమెంటు మంట. కింద నల్లరాయి మీద మా కాక పేరు చెక్కి ఉంటుంది. యుద్ధంలో అంటుకున్న కువైట్ నూనెబావుల దగ్గర పని చేస్తూ ప్రాణం విడిచినవాడని దాని కింద రెండు వరుసలు. గల్ఫ్ పోయి వచ్చిన మనుషులు తలా కొంత వేసుకుని పెట్టించారు. కట్టించిన ఏడాదికే ఆ మలుపుకు ఉన్న పాత పేరు పోయి కువైట్ బొమ్మ అయింది. మంచిర్యాల నుంచి వచ్చే ఆటోవాళ్లు ఆ పేరే పిలుస్తారు, పెళ్లిపత్రికల్లో అదే అచ్చు వేస్తారు. బేస్తవారం పొద్దున బస్సు రైల్వే గేటు దాటగానే కండక్టరు, "కువైట్ బొమ్మ కాడ దిగేటోళ్లు ముంగటికి రాండ్రి," అన్నాడు. మా కాక ఒక ఊరి పేరంత అయిపోయాడు. మా బాపు పేరు పెట్టి ఈ భూమ్మీద ఒక సందు కూడా లేదు. నేను సంచి అందుకుని తలుపు దగ్గరికి నడిచాను.

మాది సాలోళ్ల కుటుంబం. కరీంనగర్ వైపు మా తాత మగ్గం నేసేవాడు. మగ్గం మీద ఇల్లు గడవని రోజుల్లో ఆయన కొడుకులిద్దరూ చెరో దారి పట్టారు. పెద్దవాడు మా బాపు బొగ్గుబాయిలో చేరి నస్పూర్ వచ్చాడు. చిన్నవాడు మా కాక మల్లేశం ఒక ఏజెంటును పట్టుకుని కువైట్ పోయాడు. కంపెనీ ఇచ్చిన రెండు గదుల క్వార్టర్‌లో ముందు గదిలో మేం, వెనక రేకులు దించిన అరలో చిన్నమ్మ, ఆమె బిడ్డ స్వరూప, రెంటికీ నడుమ వంటింటి గడపలో మంచం వేసుకుని మా బాపమ్మ. స్వరూప నాకంటే రెండేళ్లు చిన్నది. ఒకే పొయ్యి, ఒకే కుండ, ఒకే దువ్వెన. తెల్లవారుజామున బాయి సైరన్ కూయకముందే మా అవ్వ, నన్ను కన్నతల్లి, బొగ్గుల పొయ్యి అంటించి వాకిట్లో పెట్టేది. ఆ పచ్చిబొగ్గు పొగ, బాపు డబ్బాలోకి వేసే చింతపండు తొక్కు వాసన, తడిపిన వాకిలి వాసన కలిసి వచ్చేవి. ఇప్పటికీ ఎక్కడైనా బొగ్గు పొగ తగిలితే నాకు ఆకలేస్తుంది. షిఫ్టు దిగి వచ్చిన బాపు ఎవరితోనూ మాట్లాడకుండా నేరుగా నీళ్ల గోలెం దగ్గరికి పోయి ఒళ్లు రుద్దుకునేవాడు. ఎంత రుద్దినా కళ్ల అంచుల్లో కాటుకలాగా ఒక గీత మిగిలేది. ఆ గీతతో బాపు చాలా అందంగా ఉంటాడని నా చిన్నప్పటి నమ్మకం. ఆ మాట ఎవరితోనూ అనలేదు, ఎందుకంటే మా ఇంట్లో అందమైనవాడు కాక అని ముందే ఖాయమైపోయింది.

కాక రెండేళ్లకోసారి వచ్చేవాడు. ఆయన వచ్చే రోజు బాపమ్మ పొద్దుటి నుంచి మంచం మీద కూర్చోకుండా తిరిగేది. ఆటో దిగిన పెట్టె తెరవగానే ఇల్లంతా మారిపోయేది: అత్తరు, కొత్త ప్లాస్టిక్, సబ్బులు, పులి బొమ్మ ఉన్న దుప్పటి వాసన. స్వరూపకు గౌన్లు, మెరిసే బూట్లు, తల తిప్పే బొమ్మ. నాకూ తెచ్చేవాడు, తేలేదంటే అబద్ధం. కానీ నాకు తెచ్చింది ఎప్పుడూ పెట్టె అడుగు నుంచి వచ్చేది. స్వరూపను వెంటబెట్టుకుని బాసరకు తీసుకుపోయి సరస్వతమ్మ ముందు పలక పట్టించాడు. గోదాట్లో మునిగి, కొత్త పావడా కట్టుకుని, నొసట పసుపుతో తిరిగి వచ్చింది. నాకు మా అవ్వ ఇంట్లోనే పళ్లెంలో బియ్యం పోసి వేలు పట్టి రాయించింది, ఆ బియ్యాన్నే సాయంత్రం వండింది. తర్వాత రోజుల్లో నేను పుస్తకాలు రాశాను, స్వరూప పదో తరగతిలో చదువు ఆపేసింది కదా అని ఎవరైనా అంటే నాకు ఏ తృప్తీ కలగదు. నాకు కావలసింది పుస్తకం కాదు, బాసర.

సాయంత్రాలు కాక నూనెబావుల గురించి చెప్పేవాడు. వాకిట్లో మంచం మీద పడుకుని, ఒక కాలు మీద ఒక కాలు వేసుకుని. "ఆడ పైపు దింపుతె నూనె దానంతటదే ఎగదన్నుకుంట వస్తది, వదినె. మనిషి లోపలికి దిగే పనే లేదు," అనేవాడు. మా బాపు నేల మీద గొంతుకూర్చుని బీడీ కాల్చుకుంటూ వినేవాడు. "మాకు దిగకపోతె దొరకదు. మీకు అదే మీదికొస్తదన్నట్టు," అని తల ఊపేవాడు. ఆ తల ఊపడం నేను చూడలేకపోయేదాన్ని. భూమి లోపలికి అంత దూరం దిగి పైకి వచ్చే మనిషి, పైన నిలబడి పైపు పట్టుకునే మనిషి మాటలను నోరు తెరుచుకుని వినడమేమిటి అని నాకు కోపం. కాక లేని రోజుల్లో క్యాసెట్ వచ్చేది. ఎవరో ఊరివాళ్లు తెచ్చి ఇచ్చేవాళ్లు. టేప్ రికార్డరు చుట్టూ అందరం కూర్చుంటే అందులో నుంచి కాక ఒక్కొక్కరినీ పేరుపేరునా పలకరించేవాడు. అవ్వా మందులు వేసుకుంటున్నవా, అన్నా బాయిల పైలం, స్వరూపా నా బంగారూ, మంచిగ చదువు. చివర్లో, టేపు అయిపోయే ముందు, "పద్మకు గూడ చెప్పుండ్రి," అనేవాడు. ఆ 'గూడ' అనే మాటను నేను ఎన్ని సంవత్సరాలు మోశానో.

ఒక వానాకాలం యుద్ధం వార్త రేడియోలో వచ్చింది. కువైట్‌లోకి సైన్యాలు దిగాయని చెప్పారు. చిన్నమ్మ వండిన అన్నం పొయ్యి మీదే మాడిపోయింది. ఆ తర్వాత వారాల తరబడి ఏ కబురూ లేదు. బాపు షిఫ్టు దిగి గోలెం దగ్గరికి పోకుండానే, నల్ల మొహంతోనే, సైకిల్ మీద మంచిర్యాలలో ఏజెంటు ఇంటికి పోయి వచ్చేవాడు. బాపమ్మ గడపలోని మంచం దిగడం మానేసింది. అప్పుడు ఒక మధ్యాహ్నం కాక నడుచుకుంటూ వచ్చాడు. ఎడారి దాటి, ఏదో వేరే దేశంలో గుడారాల్లో ఉండి, విమానంలో బొంబాయి వచ్చి, అక్కడి నుంచి రైల్లో. గడ్డం పెరిగి, పెదాలు పగిలి, చేతిలో ఒక గుడ్డసంచి. ఇల్లంతా ఏడ్చింది, నేనూ ఏడ్చాను. కానీ ఆ రోజు పెట్టె రాలేదు, అత్తరు వాసన రాలేదు. కాక ఒంటి చెమట వాసన సరిగ్గా మా బాపు వాసనే. ఆ చలికాలమంతా ఇద్దరు అన్నదమ్ములూ ఒకే తువ్వాలతో ఒళ్లు తుడుచుకున్నారు, స్వరూపకూ నాకూ ఒకే తాను నుంచి పావడాలు కుట్టించారు. నా చిన్నతనంలో నేను అన్నిటికన్నా ప్రశాంతంగా నిద్రపోయిన రోజులవి.

బాపు ఎవరినో బతిమాలి కాకను బాయిలో కాంట్రాక్టు పనికి పెట్టించాడు. కాక కొన్ని షిఫ్టులు దిగాడో లేదో ఒక రోజు మధ్యలోనే పైకి వచ్చేశాడు. "అన్నా, మీద ఆకాశం కానరాకపోతె నాకు పానం ఆడతలేదు," అన్నాడు. బాపు తన డబ్బాలోని రొట్టె విరిచి సగం ఇచ్చాడు. ఎండలు ముదిరే వేళకు ఏజెంటు మళ్లీ వచ్చాడు. యుద్ధం ముగిసిందట, పోతూ పోతూ సైన్యం నూనెబావులన్నిటికీ నిప్పు పెట్టిందట, పనివాళ్లు కావాలట. ఆ రోజు ఒక్కరోజే నేను అన్నదమ్ములు గొడవ పడగా చూశాను.

"బతికొచ్చినవు. మల్ల నిప్పుల పోతవారా?" అన్నాడు బాపు.

"ఆర్పెటోళ్లు వేరే ఉన్నరన్నా. మేం పైపులు మోసుడు, నీళ్లు పట్టుడు, గంతే."

"ఈడ నీకేం తక్కువైంది?"

"నీకు బాయి ఉన్నది. నాకేమున్నదన్నా?"

బాపు చేతిలోని చెంబు నేల మీద పెట్టి బయటికి పోయాడు. కాక వెళ్లిపోయిన రోజు స్టేషన్‌కు కూడా రాలేదు.

కబురు తెచ్చింది కనకయ్య అనే మనిషి. కరీంనగర్ దగ్గరి ఊరివాడు, అక్కడ కాకతో ఒకే గుడారంలో ఉన్నవాడు. మా వాకిట్లో నిలబడి చాలాసేపు చెప్పుల వైపు చూశాడు. ఆకాశం పట్టపగలు నల్లగా ఉండేదట, కళ్లు మండేవట. ఇసుక మీద చెరువుల్లాగా నూనె నిలిచిపోయి ఉండేదట. పైపు భుజాన వేసుకుని కాక దాని అంచునే నడుస్తుంటే అది ఒక్కసారిగా అంటుకుందట. అక్కడే మట్టి చేశారు. చిన్నమ్మ కూలబడిపోయింది. బాపు గోడకు ఆనుకుని నిలబడ్డాడు, ఆ గోడ మీద ఆయన వీపు ఆకారంలో బొగ్గు మరక పడింది, సున్నం వేసేదాకా పోలేదు.

దుఃఖంలో కూడా ఎవరి పాలు ఎంత అనేది ఉంటుందని నాకు అప్పుడు తెలిసింది. వచ్చినవాళ్లందరూ స్వరూపను ఒడిలోకి తీసుకుని ఏడ్చారు. బడిలో టీచరు ఆమెను ముందు వరసలో కూర్చోబెట్టింది. నాకూ కాక పోయాడు, నా పేరును చివర పిలిచినా పిలిచిన మనిషే కదా. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. మెల్లగా బాపు కూడా నాకు దూరం జరిగాడు. సైకిల్ మీద స్వరూపను బడి దగ్గర దింపేవాడు, "నువ్వు పెద్దదానివి గద, నడుసుకుంట రా బిడ్డా," అని నాతో అనేవాడు. పండుగకు బట్ట ముందు ఆమెకు, కూరలో మంచి ముక్క ముందు ఆమెకు. స్వరూప కాస్త దగ్గితే లేచి కూర్చునేవాడు. నేను జ్వరంతో పడుకుంటే అవ్వ ఉంది కదా అనుకునేవాడు. తండ్రి పోయిన పిల్ల మీద ఈర్ష్య పడేదెవరని మీరు అనుకోవచ్చు. నేను పడ్డాను. రోజూ పడ్డాను. సైకిల్ గంట మలుపు తిరిగేదాకా వింటూ, దుమ్ములో నడుస్తూ పడ్డాను.

బొమ్మ పెడదామని గల్ఫ్ వాళ్లు అనుకున్నాక, సిమెంటు బొమ్మలు చేసే ఒకాయన కొలతలకు మా ఇంటికి వచ్చాడు. కాకది ఉన్నది పాస్‌పోర్టు కోసం దిగిన చిన్న ఫోటో ఒక్కటే. చేతిలో అటూ ఇటూ తిప్పి, "ఇండ్ల చెవులు తప్ప ఏం సమజైతలేవు," అన్నాడు. అప్పుడే బాపు ఒళ్లు కడుక్కుని వచ్చాడు. ఆయన బాపును ఎగాదిగా చూసి, "గీయన అన్ననే గద? గిదే మొకం గద?" అన్నాడు. వంటింటి గడపలో నుంచి మా అవ్వ మాట విసిరింది. "సచ్చినోని బొమ్మకు బతికున్నోని మొకమా? ఇదేం పని?" అంది. బతికున్న మనిషికి బొమ్మ పోయకూడదని ఆమె భయం. బాపు ఆమె వైపు తిరగలేదు. "వాడు నా లెక్కనే ఉంటుండె. నా మొకం వానికే పెట్టు," అన్నాడు. ఆ తర్వాత సెలవు రోజుల్లో బాపు వాకిట్లో స్టూలు మీద కదలకుండా కూర్చునేవాడు. ఆయన ఎదురుగా పనివాడు తడిమట్టితో ఆయన ముక్కు, ఆయన దవడ, నవ్వబోయి ఆగినట్టు ఉండే పెదాలు తీసేవాడు. నేను గడప మీద కూర్చుని చూసేదాన్ని. మా బాపును అంత సేపు, అంత దగ్గర నుంచి, ఎవరూ అడ్డం రాకుండా చూడడం నాకు అదే మొదలు. పక్కనే కూర్చున్న స్వరూప, "గిప్పుడు మా బాపు లెక్క అవుతుండు," అంది. నేను లేచి లోపలికి పోయాను.

ముసుగు తీసిన రోజు మలుపు నిండా జనం. బ్యాండు, కొబ్బరికాయలు, ఎవరో నాయకుడు. స్వరూపతో మొదటి దండ వేయించారు. నిచ్చెన మీద ఎక్కించి, కింద నలుగురు పట్టుకుని. ఆ పిల్ల మా బాపు మెడలో దండ వేసి మా బాపు చెంపకు చెంప ఆనించి ఏడ్చింది. బాపు జనం వెనక నీళ్ల ట్యాంకు నీడలో నిలబడి ఉన్నాడు. ముందున్న మనుషులు వెనక్కి తిరిగి ఆయన్ని ఒకసారి, బొమ్మను ఒకసారి చూసి గుసగుసలాడారు. మరునాటి నుంచి బాపు ఆ దారిన షిఫ్టుకు పోవడం మానేశాడు, రైల్వే పట్టాల పక్క నుంచి చుట్టు తిరిగి పోయేవాడు. రిటైరయ్యే దాకా అదే దారి. రిటైరయ్యాక ఎక్కువ కాలం లేడు. ఊపిరితిత్తులలో చేరిన బొగ్గు దుమ్ముతో, మంచం మీద, తల కింద మెత్తలు ఎత్తుగా పెట్టుకుని, నెమ్మదిగా పోయాడు. ఏ రాయి మీదా పేరు లేదు. ఉన్న ఒక్క ఫోటో కంపెనీ గుర్తింపు కార్డు మీదిది, అదీ చెమటకు మాసిపోయింది. నాకు మా బాపును చూడాలనిపిస్తే బస్సెక్కి కువైట్ బొమ్మ కాడ దిగాలి. దిగి, మా కాక పేరు చదువుకుని రావాలి.

బేస్తవారం నేను దిగేసరికి స్వరూప అక్కడే ఉంది, చీర కొంగు నడుముకు దోపుకుని, కూలీలకు చాయ్ పోస్తూ. ఆమె భర్త పవర్‌లూమ్ షెడ్డులో పని చేస్తాడు, కొడుకు దుబాయ్‌లో ఉన్నాడు. ఏటా కాక పోయిన రోజున బొమ్మకు రంగు వేసేది ఆమే. కాలనీ గుర్తుపట్టలేకుండా ఉంది. మా క్వార్టర్ల వరసలో సగం కూలగొట్టారు. మా బాపు దిగిన బాయి మూతపడింది, దాని అవతల ఓపెన్‌కాస్ట్ గుంత నుంచి లారీలు వస్తున్నాయి. బొగ్గు కోసం ఇప్పుడు మనుషులు లోపలికి దిగరు, భూమినే విప్పి పెడుతున్నారు. గోదావరి వైపు గాలి వస్తే ఒకప్పుడు చల్లగా ఉండేది, ఆ రోజు దుమ్ము తప్ప ఏమీ లేదు. ఎవరి వాకిట్లోనూ బొగ్గుల పొయ్యి లేదు. స్వరూప కొడుకు వీడియో కాల్‌లో కనబడి, "పెద్దమ్మా, మంచిగున్నవా," అని ముందు నన్నే అడిగాడు. మా రోజుల్లో ఆ దేశాల నుంచి వచ్చే ఒక్క గొంతు కోసం నెలలు కూర్చున్నాం. ఇప్పుడు అది చేతిలోనే ఉంది, ఎవరూ చుట్టూ కూర్చోవడం లేదు. నాకు ఆ రోజులే కావాలని అనను. ఆ రోజుల్లో నా వంతు నాకు రాలేదు, అంతే.

మున్సిపాలిటీ మనిషి కాగితం చూసుకుంటూ, బొమ్మను కొత్త బైపాస్ చౌరస్తాలో కట్టి ఉంచిన గద్దె మీద పెట్టవచ్చని, వద్దంటే ఇంటివాళ్లు తీసుకుపోవచ్చని చెప్పాడు. నేను బస్సులో నుంచే తయారు చేసుకుని వచ్చిన మాట అప్పుడు అనేశాను.

"నేను కరీంనగర్ తీస్కపోత. మా ఇంటి ముంగట జాగ ఉన్నది. అది మా బాపు మొకం, స్వరూపా."

స్వరూప చాయ్ కెటిల్ కింద పెట్టింది. "నాకెర్కనే గదక్కా," అంది. "పెద్దబాపు స్టూలు మీద కూసుంటే నేను గూడ చూసిన. ఏటా ఈ మొకానికి రంగులేసి ఏసి, మా బాపు మొకం నాకు యాది లేకుండ పోయింది. కండ్లు మూస్తె పెద్దబాపే వస్తడు. నీకైతె నీ బాపు ఒక్కడే వస్తడు. నీ మీద నాకు ఎంత కుళ్లో నీకేమెరుక?"

ఆమె కింద పెట్టిన కెటిల్‌ను తీసి దారికి అడ్డం లేకుండా జరిపాను. కూలీలు తాళ్లు బిగిస్తున్నారు. క్రేన్ మనిషి బొమ్మను ఎత్తితే అది ఒక్కక్షణం గాలిలో మా ఇద్దరి మీద వేలాడింది. అప్పుడు నేను కరీంనగర్ మాట ఇంక ఎత్తలేదు. చౌరస్తాలోనే పెట్టమన్నాను. ఎందుకన్నానో నాకూ సరిగ్గా తెలియదు. మా ఇంటి ముందైతే ఆయన్ని చూసేది నేనొక్కదాన్నే అని అనిపించింది.

పొద్దు వాలేసరికి బొమ్మనూ దాని కింది నల్లరాయినీ కొత్త గద్దె మీద నిలబెట్టారు. పవర్‌లూమ్ షెడ్డులు విడిచిపెట్టే వేళ, పనివాళ్లు చేరారు. మున్సిపాలిటీ మనిషి ఫోన్ తీసి ఫోటోకు రమ్మన్నాడు. "బొమ్మ ఆయన బిడ్డెవరు? ముంగట నిలవడుండ్రి," అన్నాడు. స్వరూప ముందుకు పోతుందని నేను పక్కకు జరిగాను, ఎప్పుడూ జరిగినట్టే. ఆమె నా చెయ్యి పట్టుకుని లాగింది.

"బొమ్మల ఉన్నాయన బిడ్డ ఈమె సారూ. రాయి మీద ఉన్నాయన బిడ్డను నేను. ఇద్దర్ని తియ్యుండ్రి," అంది.

ఆ మనిషికి అర్థం కాలేదు. అయినా తీశాడు. తిరుగుబస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ ఫోటో చాలాసేపు చూసుకున్నాను. స్వరూప మొహం తేటగా ఉంది, నా మొహం బిగుసుకుని ఉంది. ఇన్నేళ్లు పుస్తకాలు రాసినదాన్ని, ఆ రెండు మాటలు నాకు దొరకలేదు. దొరికినా అందరి ముందూ అంత తేలిగ్గా అనగలిగేదాన్ని కాదు. అది కూడా ఆమెకే దక్కింది.